హైదరాబాదు ఆకు, ఢిల్లీ పువ్వు

తులసి వనంలో గంజాయి మొక్క అని మనవాళ్ళు ఒక మాట అంటూ ఉంటారు. ఎక్సైజు హెడ్ కానిస్టేబుల్ ఆమోసు ఇంటి పెరట్లో తులసి లేదు, వాళ్ళది క్రైస్తవుల ఇల్లు. గంజాయి మొక్క మాత్రం ఉండేది. దానికి నీళ్ళు పోసింది ఆమోసు కాదు, అతని అత్తగారు శౌరమ్మ. మరి ఆమోసుకు ఆ సంగతి తెలియదా అంటే, తెలుసు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ దాని పక్కనే నిలబడేవాడు. అయితే తెలిసినా తెలియనట్టు ఉండటమనేది అల్లుళ్ళకూ, గవర్నమెంటు నౌకర్లకూ అనుభవం మీద వచ్చే విద్య. ఆమోసు ఆ రెండూ కాబట్టి, ఆకు కాస్త గోంగూర పోలికగానే ఉంది కదా అని దాన్ని గోంగూర కింద జమకట్టి ఊరుకున్నాడు.

ఆమోసుది ఉయ్యూరు పక్కన పాలెం. తండ్రి చెరకు కొట్టుడుకు పోయేవాడు. చెరకాకు గీసుకుపోయిన ఒంటి మీద చెమట పడితే ఎలా మండుతుందో చిన్నప్పుడే తెలిసినవాడు కనక, నీడపట్టున ఉండే ఉద్యోగం ఏదైనా సరే అనుకుని పదో తరగతి గట్టెక్కాడు. మనిషి తాడిచెట్టంత పొడుగు. ఎక్సైజులో తీసుకున్నారు. చుక్క ముట్టని బాప్టిస్టు కుర్రాడికి సర్కారు అప్పజెప్పిన పని సారా కొట్ల దగ్గర బందోబస్తు. అతను దానికీ బాధపడలేదు. అందరూ లోకాన్ని మంచీ చెడూ అని విడగొట్టుకుంటే, ఆమోసు రూల్లో ఉన్నదీ, రూల్లో లేనిదీ అని విడగొట్టుకున్నాడు. రూల్లో ఉంటే సారా కొట్టైనా గుడితో సమానం.

ఇలాంటివాడికి పిల్లనివ్వడం శౌరమ్మకు ససేమిరా ఇష్టం లేదు. వాళ్ళు ఆర్.సి.ఎం. వాళ్ళు, అంటే రోమన్ కాథలిక్కులు, జపమాల లేనిదే నిద్రపోరు. ఇతనేమో బాప్టిస్టు. అది ఎలాగో మింగినా, సారా డిపార్టుమెంటు అన్నది గొంతు దిగలేదు. ఆవిడ మొగుడు సారాకే పోయాడు. కానీ కాన్వెంటులో కుట్టు నేర్పే కూతురు తెరేసమ్మ ఆ తాడిచెట్టునే చేసుకుంటానని పట్టుబట్టింది. కొడుకుల్లేని శౌరమ్మ చివరికి ఆ అల్లుడింటికే వచ్చి ఉండవలసి వచ్చింది. ఇష్టం లేని ఇంట్లో ఉండటం ఎలాగో ఆవిడకు బాగా తెలుసు. గేదెను కూడా వెంట తెచ్చుకుంది. ఆ గేదె పేరు సుందరి.

తొంభై రెండులో ఆడవాళ్ళు సారా మీద లేచారు. ఆ చుట్టుపట్ల ముందు నడిచింది శౌరమ్మే. కుంటుకుంటూ, చేతిలో పేడనీళ్ళ బక్కెట్టుతో, వెనక పాలెం ఆడవాళ్ళందరితో కాలవ గట్టు మీద సారా కొట్టుకు పోయింది. కొట్టు ముందు లాఠీతో నిలబడి ఉన్నది అల్లుడు. పక్కకు తప్పుకోమంది. ఆర్డరు లేదన్నాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. బక్కెట్టులో సగం సారా ప్యాకెట్ల మీదికీ, సగం ఖాకీ చొక్కా మీదికీ పోయింది. ఆ రోజు నుంచి శౌరమ్మ అల్లుడితో నేరుగా మాట్లాడటం మానేసింది.

మాట్లాడలేదంటే నోరు మూసుకుందని కాదు. పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి మాట్లాడేవాళ్ళను చూశాం. ఈవిడ గేదె మీద పెట్టి మాట్లాడేది. అన్నం వేళకు అల్లుడు రాకపోతే, "ఏమే సుందరీ, కూర చల్లారిపోతే మళ్ళీ వెచ్చబెట్టడానికి ఇక్కడ నౌకర్లున్నారటే" అనేది. తొంభై అయిదులో రాష్ట్రంలో పూర్తిగా మద్యం నిషేధించి, నిన్నటిదాకా సారా కాపలా కాసిన ఆమోసునే సారా పట్టుకోమని పంపితే, సుందరి మెడ నిమురుతూ, గవర్నమెంటుకు బుద్ధొచ్చిందే, కొందరికి మాత్రం అప్పుడూ జీతమే ఇప్పుడూ జీతమే అంది. ఆమోసు అవతల కూర్చుని అంతా విని, సుందరి వంక చూసి లేచి పోయేవాడు. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ విషయాలు తెలిసింది సుందరికే.

ఇక మొక్క సంగతి. శౌరమ్మ వయసులో ఉన్నప్పుడు చెరకు బండి ఒరిగి ఎడమ తుంటి మీద పడింది. కట్టు కట్టినవాడు వంకరగా కట్టాడు. అప్పటినుంచీ పగలు కుంటి నడక, రాత్రి నరకం. పడుకుంటే తుంటిలో ఎవరో కొరివి పెట్టి తిప్పుతున్నట్టు ఉండేది. బెజవాడ డాక్టర్లు ఇచ్చిన మాత్రలు నొప్పిని వదిలేసి కడుపును పట్టుకున్నాయి. ఆవిడ పుట్టింట్లో గొడ్లకు పారుడు పట్టుకుంటే గంజాయాకు నూరి పోసేవాళ్ళు. గొడ్డుకు పనికొచ్చింది మనిషికి పనికిరాదా అని, ఒక రోజు గుప్పెడు ఆకు పాలల్లో మరిగించి, మిరియాలూ బెల్లమూ వేసుకుని తాగింది. ఆ రాత్రి జపమాల సగంలోనే నిద్రపట్టేసింది. ఇరవై ఏళ్ళలో అంత నిద్ర ఎరగనని తెల్లారి ఏడ్చింది. సారా మనిషి కాచింది, ఆకు దేవుడు మొలిపించింది, రెండింటికీ పోలికేమిటని ఆవిడ వాదం. రోజూ రాత్రి ఆకు పాలు తాగేది, పగలు సారా తాగేవాళ్ళను తిట్టేది, ఎక్కడా తడబడేది కాదు.

కథ ఇలాగే సాగిపోయేదే. సన్మానం కొంప ముంచింది.

తొంభై ఆరులో బెజవాడ గవర్నర్‌పేటలో ఒక హాలులో సారా ఉద్యమంలో ముందు నిలిచిన ఆడవాళ్ళకు శాలువాలు కప్పారు. కప్పింది కొత్తగా వచ్చిన ఎక్సైజు ఇన్స్పెక్టరు రామాంజనేయులు. మంచివాడే, కానీ జీపులో తిరిగి తిరిగి నడుము పోయింది. శౌరమ్మకు శాలువా కప్పడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఇద్దరు పట్టుకుని నిలబెట్టారు. ఆమోసు హాలు వెనక కుర్చీలు సర్దుతూ, తన అత్తగారికి తన ఆఫీసరు శాలువా కప్పడం చూసి, ఎన్నాళ్ళకో ఛాతీ కాస్త విరుచుకుని నిలబడ్డాడు. అప్పుడు శౌరమ్మ చేతికి మైకిచ్చారు.

"నాకు ఉపన్యాసాలు రావయ్యా," అంది శౌరమ్మ. "పాపం ఈ సారుకి నడుం పట్టేసింది. ఇంగ్లీషు మాత్రలు మింగితే కడుపులో పుండ్లు పడతాయి. మా పెరట్లో గంజాయాకుంది. గుప్పెడు పాలల్లో మరగబెట్టి తాగితే తెల్లారేదాకా మెలకువ రాదు. మా అల్లుడుగారు ఈ సారు దగ్గరే పని చేస్తారు. చెబితే తెచ్చిస్తారు."

హాలంతా చప్పట్లు కొట్టింది. ఏం చెప్పిందో సగం మందికి తలకెక్కలేదు, మైకులో ఏమన్నా చప్పట్లు కొట్టడం బెజవాడ వాళ్ళ మర్యాద. ముందు వరసలో పేపరు వాళ్ళకు మాత్రం తలకెక్కింది. వెనక్కి తిరిగి ఆ అల్లుడెవరా అని చూశారు. ఆమోసు తేలు కుట్టిన దొంగలా రెండు కుర్చీలు చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

రామాంజనేయులు ఇరుకున పడ్డాడు. ఊరుకుందామంటే, పదిమందిలో మైకులో చెప్పిన నేరం. పట్టుకుందామంటే, నిన్న శాలువా కప్పిన ముసలమ్మకు ఇవాళ సంకెళ్ళు వేస్తే పేపర్ల వాళ్ళకు పండగే. ఇంటికి పోయి చట్టాల పుస్తకాలు ముందేసుకున్నాడు. చదివినకొద్దీ నడుం నొప్పికి తలనొప్పి తోడైంది. ఢిల్లీ చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, పూత గెలలు. పూత లేని ఉత్త ఆకు దాని లెక్కలోకి రాదు. ఇక్కడి ఎక్సైజు చట్టం ప్రకారం ఆకు కూడా మత్తు పదార్థమే, లైసెన్సు లేకుండా ఉంచుకోకూడదు. అంటే ఆకు హైదరాబాదు వాళ్ళది, పువ్వు ఢిల్లీ వాళ్ళది. పోనీ మొక్క పెంచడం తప్పని కేసు పెడదామని మర్నాడు సాక్షి సంతకాలకు మధ్యవర్తులను వెంటేసుకుని ఉయ్యూరు వచ్చి అడిగితే, శౌరమ్మ, పెంచానని ఎవరన్నారయ్యా, పెట్టలేదు, విత్తలేదు, దానంతటది మొలిచింది, మొలిచినదానికి కుడితి నీళ్ళు పోశాను అంది. కుడితి పోయడం పెంపకం కిందికి వస్తుందా రాదా అన్నది ఏ పుస్తకంలోనూ లేదు.

చివరికి రామాంజనేయులు గవర్నమెంటు మనిషి చేసే పనే చేశాడు. ఏ చట్టం కింద పీకాలో చెప్పండని పైకి రాసి, జవాబు వచ్చేదాకా మొక్కను పీకకుండా వదిలేశాడు. తప్పు చట్టం కింద పీకితే మొక్కా పోతుంది, కేసూ పోతుంది, తన ఇంక్రిమెంటూ పోతుంది. పంచనామాలో "నడుమెత్తు మొక్క ఒకటి, పూత లేదు" అని రాయించాడు. ఆకు కూడా ముట్టనని శౌరమ్మ చేత వేలిముద్ర వేయించాడు. మొక్కను ఉన్నది ఉన్నట్టు చూసుకునే బాధ్యత మాత్రం దగ్గర్లో ఉన్న ప్రభుత్వోద్యోగికి అప్పజెప్పాలి కదా. ఆ దగ్గర్లో ఉన్న ప్రభుత్వోద్యోగి తల వంచుకుని సంతకం పెట్టాడు.

జీపెక్కుతూ ఆమోసును పక్కకు పిలిచాడు. "ఆమోసూ, ఆకుగా ఉన్నన్నాళ్ళూ ఇది చిన్న కేసు. పూత పూసిందో, నా చేతిలో ఉండదు. నీ పెరడు, నీ పూచీ. అయిదేళ్ళు జైలయ్యా అది."

పూత రాకుండా చూడటం ఎలా సార్ అని అడిగాడు ఆమోసు. ఏమో, మొక్కకు చెప్పుకో అన్నాడు రామాంజనేయులు. పోనీ మొగ్గ కనపడగానే తుంచెయ్యనా అంటే, సాక్ష్యం తారుమారు చేస్తే అదొక కేసు అన్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారే, ఆమోసు సరిగ్గా ఆ పాము నోటి దగ్గర డ్యూటీలో పడ్డాడు. రూల్లో ఉన్నదీ రూల్లో లేనిదీ అని లోకాన్ని విడగొట్టుకున్న మనిషికి, రెండు రూళ్ళూ ఒకే కాడకు కాస్తాయని జీవితంలో మొదటిసారి తెలిసింది.

మొక్కకు ఇవేమీ తెలియవు. కృష్ణా డెల్టా నేల, పక్కన గేదెల చావడి, పైన వానలు. నడుమెత్తుది ఛాతీ ఎత్తయింది. రామాంజనేయులు మళ్ళీ చూడడానికొచ్చి కంగారుపడ్డాడు. పంచనామాలో నడుమెత్తు అని ఉంది, ఇది అదేనా, మార్చారా అన్నాడు. పెరిగింది సార్ అన్నాడు ఆమోసు. సాక్ష్యం పెరగకూడదయ్యా అన్నాడు ఇన్స్పెక్టరు. అప్పటినుంచి ఆమోసు దానికి నీళ్ళు తగలకుండా మొదలు మీద గోనెపట్టా కప్పాడు. వానొస్తే గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. హెడ్ కానిస్టేబులు గంజాయి మొక్కకు గొడుగు పట్టడం ఆ వీధి వాళ్ళు జీవితంలో మరిచిపోరు. పనులు మానుకుని వచ్చి చూశారు.

ఒక రోజు ఇక ఆగలేక, ఎవరూ చూడకుండా తల చిగుళ్ళు గోటితో తుంచేశాడు. చెరకు పొలాల్లో పుట్టినవాడేగాని బంతిమొక్కను కూడా పెంచి ఎరగడు. తలతుంచితే మొక్క ఊరుకుంటుందా, ఒక్క కొమ్మ ఉన్నచోట రెండేసి కొమ్మలేసి గుబురుగా కమ్ముకుంది. శౌరమ్మ చావడిలోంచి చూసి, "చూశావా సుందరీ, మొక్కను చంపాలనుకున్నవాళ్ళు దానికి సేవ చేస్తున్నారు" అంది.

ఆ మాటంది కానీ ఆవిడ గొంతులో మునుపటి పదును లేదు. ఆకు ముట్టనని వేలిముద్ర వేసింది కదా. సంతకం పెట్టినవాళ్ళు తప్పినా వేలిముద్ర వేసినవాళ్ళు తప్పరు. మొక్క ఎదురుగా ఉంది, చెయ్యి చాపితే అందుతుంది, ముట్టలేదు. రాత్రిళ్ళు మంచం మీద కూర్చుని, గోడకు వీపానించి, జపమాల మొదటినుంచి చివరికి, చివరినుంచి మొదటికి తిప్పేది. ఆవిడ మూలగదు. ఆ మూలుగు బిగబట్టడమే పక్క గదిలో ఆమోసుకు వినిపించేది. ఇన్నాళ్ళూ ఆ గదిలోంచి గురక వినిపిస్తే విసుక్కునేవాడు. ఇప్పుడు ఆ గురక కోసం చెవులు రిక్కించాడు. అతనికి జాలేసింది. పేడనీళ్ళు పోసిన మనిషి మీద జాలేయడం తనకే వింతగా ఉంది, అయినా వేసింది.

ఒక ఆకు తుంచుకోమని మీ అమ్మకు చెప్పు, నేను చూడను అని తెరేసమ్మతో అన్నాడు. తెరేసమ్మ పోయి చెప్పింది. జవాబు సుందరికి వచ్చింది. మాట ఇచ్చాక దేవుడు చూస్తాడుగానీ అల్లుళ్ళు చూడకపోతే ఏమిటే అని.

సరేనని ఆమోసు మామూలు చొక్కా వేసుకుని బస్సెక్కి బెజవాడ పోయాడు. గవర్నర్‌పేటలో ఒక ఆయుర్వేదం కొట్టులో లైసెన్సున్న లేహ్యం దొరుకుతుందనీ, అందులో ఈ ఆకే పడుతుందనీ ఎవరో చెప్పారు. కొట్టాయన అతని నున్నటి క్రాపూ, ఎర్ర బూట్లూ చూశాడు. ఖాకీ తీసేశాడుగానీ బూట్లు మర్చిపోయాడు ఆమోసు. అటువంటి లేహ్యం మా తాతల కాలం నుంచీ అమ్మలేదండీ, మేము దేవుడి పటం ముందు ప్రమాణం చేసే వ్యాపారం చేస్తున్నామండీ అని చెప్పి, ఒక ఉసిరికాయ లేహ్యం డబ్బా బలవంతంగా చేతిలో పెట్టాడు. శౌరమ్మ దాన్ని రెండు రోజులు నాకి, ఊరగాయ బాగుందే సుందరీ, నిద్రే రాలేదు అంది.

ఇలా ఉండగా పై నుంచి జవాబొచ్చింది. విషయం కేంద్ర చట్టానికి సంబంధించింది కావచ్చు గనక, ఢిల్లీ వాళ్ళ ఆఫీసరు సోమవారం స్వయంగా వచ్చి చూస్తారని. దానికి ముందు శనివారం సాయంత్రం ఆమోసు గోనెపట్టా సర్ది తలెత్తి చూసేసరికి, కొమ్మల సందుల్లో పచ్చటి మొగ్గలు. చిన్నవే, సన్నగా వడ్లగింజల్లా ఉన్నాయి. సోమవారానికి విచ్చుకుంటాయి. ఆమోసు గేదెల చావడి అరుగు మీద కూలబడ్డాడు. అన్నానికి రమ్మని తెరేసమ్మ వస్తే, ఇక అయిపోయిందే అన్నాడు. ఉద్యోగం పోతుంది, క్వార్టరుకు అప్లికేషను పెట్టుకున్నాం అదీ పోతుంది, పోతే పోయాయి, చుక్క ముట్టనివాణ్ణి గంజాయి కేసులో లోపలేస్తారు, మా నాన్న పేరు పాలెంలో ఎలా చెప్పుకోను అని, అంత పొడుగు మనిషీ మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. చావడి లోపల పిడకలు సర్దుతున్న శౌరమ్మ విన్నది. సుందరితో కూడా ఏమీ అనలేదు.

ఆదివారం ఆమోసు తన గుడికీ, తెరేసమ్మ తన గుడికీ పోయారు. తుంటి లాగుతోంది నేను రానని శౌరమ్మ కూతురితో అంది. వాన ఉన్నా మంచమెక్కినా పూజ మానని మనిషి రాననడం తెరేసమ్మకు వింతే. ప్రార్థన ముగించుకుని ముందుగా ఇల్లు చేరినవాడు ఆమోసు. పెరట్లోకి పోయి చూస్తే మొక్క లేదు. జానెడు మోడు ఉంది, చుట్టూ గిట్టల గుర్తులున్నాయి. గోనెపట్టా నలిగి ఒక పక్కన పడి ఉంది. సుందరి మామిడి చెట్టు కింద నాలుగు కాళ్ళూ చాపుకుని, నెమరు కూడా వేయడం మరచి, పరలోక రాజ్యం కనపడ్డట్టు చూస్తోంది. శౌరమ్మ అరుగు మీద కూర్చుని జపమాల తిప్పుకుంటోంది.

పలుపు తెంచుకుందేమో అని ఆమోసు కట్టుకొయ్య దగ్గరికి పోయాడు. పలుపు తెగలేదు. ముడి విప్పి ఉంది. విప్పిన తాడు చుట్టగా చుట్టి, కొస లోపలికి దోపి, కొయ్యకు తగిలించి ఉంది. ఆ ఇంట్లో తాడును అలా చుట్టేది ఒక్కరే. ఎన్నేళ్ళ అలవాటో, నేరం చేసేటప్పుడు కూడా తాడు పారేయడానికి చెయ్యి రాలేదు.

ఆకు ముట్టనని కదా వేలిముద్ర వేసింది. ముట్టలేదు. ముడి ముట్టనని ఎవరూ వేయించుకోలేదు. ఆమోసు ఆ తాడు వంక చాలాసేపు చూశాడు. తన నిద్రంతా, చచ్చేదాకా పట్టవలసిన నిద్రంతా, ఆవిడ గేదె నోటికి అందించింది. ఎవరికోసం? సారా కొట్టు కాపలావాడికోసం. వెనక్కి తిరిగి చూస్తే శౌరమ్మ కళ్ళు మూసుకుని ఉంది. ఆమోసు దూలంలోంచి కొడవలి తీశాడు. చుట్ట విప్పాడు. తాడును మధ్యకు కోసి, కోసిన కొసలను రాతి మీద పెట్టి నలగ్గొట్టి, తెగిన పీచులా చేసి, ఒక ముక్క కొయ్యకు కట్టి, ఇంకోటి సుందరి మెడకు కట్టాడు. చిగుళ్ళు గిల్లింది వదిలేస్తే, ఇరవై ఏళ్ళ సర్వీసులో అతను చేసిన మొదటి రూలు తప్పిన పని అది. చాలా శ్రద్ధగా చేశాడు.

సోమవారం జీపులు వచ్చాయి. ఢిల్లీ ఆఫీసరు హిందీలో అడిగితే రామాంజనేయులు తెలుగు కలిపిన ఇంగ్లీషులో చెప్పాడు. ఇద్దరూ మోడు చూశారు, తాడు చూశారు, ఇంకా నిద్రమత్తు వదలని సుందరిని చూశారు. సాక్ష్యం నాశనం కాలేదు, చోటు మారింది అని ఢిల్లీ ఆఫీసరు అభిప్రాయపడ్డాడు. అయితే మేసినప్పుడు పూత ఉందా లేదా అన్నది ప్రశ్న. ఉత్త ఆకు మేస్తే గేదె హైదరాబాదు వాళ్ళది, పూతతో మేస్తే ఢిల్లీ వాళ్ళది. ఎవరు తోలుకుపోవాలి? ఆ మాట వచ్చేసరికి ఇద్దరికీ ఎదుటివాడి చట్టం మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. మీదే అంటే మీదే అనుకున్నారు. సాయంత్రంలోగా సాక్ష్యం దానంతటదే బయటికొస్తుంది, నమూనా తీసుకోవచ్చు అని మధ్యవర్తుల్లో ఒకడు సలహా ఇచ్చాడు. అది విని ఢిల్లీ ఆఫీసరు టైము చూసుకుని జీపెక్కేశాడు. "పశువు మేసినందున చర్య అవసరం లేదు" అని రామాంజనేయులు ఆనందంగా రాసుకున్నాడు.

పోతూ పోతూ చెయ్యి నడుం మీద పెట్టుకుని శౌరమ్మ దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించి, అమ్మా, ఎండిన ఆకు ఏ డబ్బా అడుగునైనా కాస్త మిగిలిందా అని అడిగాడు. శౌరమ్మ ఆయన వంక జాలిగా చూసి, మజ్జిగ తాగుతారా బాబూ, సుందరి పాలదే అంది. తాగి పోయాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టిందో లేదో నాకు తెలియదు, మర్నాడు ఆఫీసుకు ఆలస్యంగా వచ్చాడని మాత్రం చెప్పుకున్నారు.

కేసు పోయింది. నొప్పి పోలేదు. ఆ చలికాలమంతా శౌరమ్మ గోడకానుకుని కూర్చునే తెల్లవార్చింది. ఆమోసు ఇటుక వేడిచేసి గుడ్డలో చుట్టి, తెరేసమ్మ చేత పంపేవాడు. తర్వాత్తర్వాత తనే తెచ్చి మంచం పట్టె మీద పెట్టి పోయేవాడు. ఆవిడ తీసుకునేది. ఇటుకలు బాగా కాల్చడం నేర్చుకున్నారే సుందరీ అని పొద్దున చావడిలో వినిపించేది. మనిషి మాత్రం చిక్కి సగమైంది.

మళ్ళీ తొలకరి పడింది. పేడకుప్ప పక్కన, మోడుకు నాలుగడుగుల దూరంలో, నెర్రెలో ఎప్పుడు రాలిన గింజో, వేలెడు మొలక లేచింది. రంపపు పళ్ళ ఆకులు. పళ్ళు తోముకుంటూ నిలబడ్డ ఆమోసు చూశాడు. ఈసారి గోంగూర అనుకోలేదు. అటూ ఇటూ చూసి, నోట్లో పుల్ల ఉమ్మేసి, చావడిలోకి పోయి కోళ్ళగంప తెచ్చి దాని మీద బోర్లించాడు. వాళ్ళింట్లో కోళ్ళు లేవు.

శౌరమ్మ సుందరికి చిట్టు పెడుతోంది. ఆమోసు చావడి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఏ మాట చెప్పాలన్నా దారి ఒకటే కనక, గేదె వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"సుందరీ, గంప కింద మొలక ఒకటుంది. పూత రాకముందే ఆకు కోసుకోవాలని మీ అమ్మగారికి చెప్పు. తల చిగుళ్ళు మాత్రం తుంచొద్దను. తుంచితే రెండేసి వస్తాయి."

శౌరమ్మ చిట్టు చేతులు కొంగుకు తుడుచుకుంది. సుందరిని పక్కకు నెట్టి, తొంభై రెండు తర్వాత మొదటిసారి అల్లుడి మొహంలోకి చూసింది.

"నాకు తెలుసులే నాయనా," అంది. "నువ్వు డ్యూటీకి పో, బస్సు పోతుంది."